పురుగుల చదువు, అడవి చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చాక ఒక రకం ఫోన్లు, డిగ్రీ చివరి ఏడాదిలో ఇంకో రకం ఫోన్లు నాకు వస్తుంటాయి. మొదటివి తల్లిదండ్రులవి: "మా వాడికి పురుగులంటే పిచ్చండీ, దానికో చదువు ఉందా?" రెండోవి విద్యార్థులవి: "అడవుల్లో పని చేయాలని ఉంది సర్, ఎక్కడ మొదలుపెట్టాలి?" నేను వ్యవసాయ డిగ్రీ, కీటకశాస్త్రంలో (ఎంటమాలజీలో) పీజీ చేసి, తర్వాత కొన్నేళ్లు అడవుల్లో తిరిగే పరిశోధకుల వెంట తిరిగినవాణ్ని. రెండిళ్ల భోజనమూ చేశాను కాబట్టి రెండిళ్ల లోటుపాట్లూ తెలుసు. పదే పదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

పురుగులకూ వన్యప్రాణులకూ ఏమిటి సంబంధం? అవి రెండు వేర్వేరు చదువులు కదా?

పల్లెల్లో రాత్రిపూట పాము పేరు ఎత్తరు, పురుగు అంటారు. కరిస్తే "పురుగు ముట్టింది" అంటారు. మన భాష రెండింటినీ ఒక్క మాటలో సర్దేసింది. విడదీసింది విశ్వవిద్యాలయాలే. కీటకశాస్త్రం వ్యవసాయ కళాశాలకు పోయింది, అక్కడ పురుగంటే పంటకు శత్రువు. వన్యప్రాణి శాస్త్రం మరో గూటికి చేరింది, అక్కడ ప్రాణి అంటే ముందుగా గుర్తొచ్చేది పులి. ఈ రెండు గోడల మధ్య పడినదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

కలివికోడి సంగతే చూడండి. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి తెలియజేసిన పక్షి. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. ఇంతకీ అది తినేదేమిటి? రాత్రిళ్లు ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద నడుస్తూ చెదలు, చీమలు వంటివి ఏరుకుంటుంది. ఆ నేల మీద ఏ నెలలో ఏ పురుగు ఎంత ఉంటుందో, మేకలు మేసిన చోట ఎంత తగ్గుతుందో చెప్పగలిగినవాడు లేకపోతే పక్షి చుట్టూ గీత గీసి కూర్చోవడమే మిగులుతుంది. చెప్పాల్సింది పురుగుల మనిషి. అతనికేమో లంకమల వైపు వెళ్లే పనే పడదు.

కాబట్టి నా సలహా మొదటే చెప్పేస్తాను: ఏ ఇంట్లో చేరినా రెండో ఇంటి తలుపు తట్టడం మీరే అలవాటు చేసుకోవాలి. మన దగ్గర రెండూ కలిపి డిగ్రీ స్థాయిలో చెప్పే కోర్సు కోసం వెతికి ఏడాది పోగొట్టుకోకండి.

ఇంటర్ తర్వాత ఎందులో చేరాలి?

కీటకశాస్త్రం లోతుగా చదవాలంటే దగ్గరి దారి బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్. నాలుగేళ్లు. గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందా, రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం కిందా కళాశాలలున్నాయి. బాపట్ల కళాశాల 1945 నుంచి నడుస్తోంది. ప్రవేశం ఈఏపీసెట్ ర్యాంకుతో. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. ఇతర రాష్ట్రాల్లో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సీట్లకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

అడవి వైపే మనసుంటే బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. తెలంగాణలో ఆ కళాశాల 2016లో మొదలైంది, ఇప్పుడు ములుగులో ఉంది. ఇది సిద్దిపేట జిల్లాలోని ములుగు, మేడారం దగ్గరి ములుగు కాదు. కౌన్సెలింగ్ రోజున అటు బస్సెక్కినవాళ్లు నాకు తెలుసు.

జంతువులకు వైద్యం చేయాలని ఉంటే అది పశువైద్య డిగ్రీ, వేరే సంగతి. ఇవేవీ కుదరకపోతే జువాలజీ ఉన్న మామూలు డిగ్రీ చేయండి. దాన్ని తక్కువగా చూడకండి. మన వన్యప్రాణి పరిశోధకుల్లో చాలామంది అక్కడి నుంచే వచ్చారు.

బీఎస్సీ జువాలజీ చేశాను. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎంటమాలజీ పీజీకి వెళ్లవచ్చా?

సాధారణంగా కుదరదు. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ ఎంటమాలజీకి నాలుగేళ్ల వ్యవసాయ డిగ్రీ కావాలి. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిసి కళ్ల నీళ్లు పెట్టుకున్న పిల్లలను చూశాను, అందుకే ముందే చెబుతున్నాను. మీకు జువాలజీ ఎమ్మెస్సీ ఉంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాసి చేరవచ్చు. దరఖాస్తు పెట్టేముందు ఆ విభాగంలో కీటకాల మీద పని చేసే అధ్యాపకులు ఇప్పుడు ఉన్నారో లేదో కనుక్కోండి. సిలబస్‌లో పేపరు ఉంటుంది, చెప్పేవారు పదవీ విరమణ చేసి ఉంటారు.

దోమల వైపు వెళ్లాలనుకుంటే పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడి పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీకి జువాలజీ వాళ్లూ అర్హులే. ఈ శాస్త్రానికి పుట్టిల్లు మనదే అనుకోవచ్చు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూసింది సికింద్రాబాద్‌లో. బేగంపేటలోని ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లలో లోపల అడుగుపెట్టినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వన్యప్రాణి శాస్త్రంలో పీజీ ఎక్కడ చేయాలి?

పేరున్నవి రెండు. దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్). ఎన్‌సీబీఎస్ ప్రవేశాలు రెండేళ్లకోసారి. రెండు చోట్లా తీసుకునేది కొద్దిమందినే. అడవి మీద ప్రేమ ఎంత ఉందో కాదు, గణాంక శాస్త్రం ఎంత వచ్చో చూస్తారు. పులుల లెక్క కూడా ఇప్పుడు కెమెరాలతో, సంభావ్యత సూత్రాలతో జరిగేదే. లెక్కలంటే భయపడి బైపీసీలో చేరినవాళ్లకు ఈ మాట చేదుగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌తో డిగ్రీలోనే కుస్తీ మొదలుపెట్టండి.

పీహెచ్‌డీకి బెంగళూరు ఐఐఎస్‌సీలోని పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రొఫెసర్ రాఘవేంద్ర గడగ్కర్ కందిరీగల సంఘజీవనం మీద దశాబ్దాల పాటు పని చేసింది అక్కడే. కందిరీగ తుట్టెలో రాణి ఎవరు, తర్వాత రాణి అయ్యేదెవరు అన్న ప్రశ్న పట్టుకుని ఒక జీవితం నడపవచ్చని ఆయన పని చూస్తే అర్థమవుతుంది. హైదరాబాద్ విడిచి వెళ్లలేనివాళ్లకు అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వారి లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోతున్న జంతువుల జన్యు పరిశోధన అక్కడ జరుగుతుంది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలతో కలిసి మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలోకి వదిలే పనిలో వారి పాత్ర ఉంది.

ఎంటమాలజీలో అసలేం నేర్పుతారు?

పురుగు శరీర నిర్మాణం, వర్గీకరణ, జీవావరణం, పంట పురుగుల యాజమాన్యం, పురుగు మందుల రసాయనం, తేనెటీగల పెంపకం, పట్టు పురుగులు. ఇదంతా సిలబస్ కాగితంలో ఉంటుంది. కాగితంలో కనబడనిది పురుగుల పెట్టె.

మూతకు గాజు, అడుగున మెత్తటి పలక ఉన్న చెక్కపెట్టె అది. సెమిస్టరు ముగిసేలోగా ఇన్ని కుటుంబాల పురుగులని లెక్క ఉంటుంది. వల పట్టుకుని పొద్దున్నే గట్ల మీద తిరగాలి. పట్టినదాన్ని ఇథైల్ అసిటేట్ తడిపిన దూది ఉన్న సీసాలో వేయాలి. ఆ పైన సూది గుచ్చడం. పెంకు పురుగుకు కుడి రెక్క పెంకు మీద గుచ్చాలి, నడిమధ్యన కాదు. నడుమ గుచ్చితే గుర్తుపట్టడానికి పనికొచ్చే గీతలూ గుంటలూ చెడిపోతాయి. ఒక పక్కన గుచ్చితే రెండో పక్క చెక్కుచెదరకుండా మిగులుతుంది. సీతాకోకచిలుకకైతే ఛాతీ నడుమ. గుచ్చాక రెక్కలను కాగితపు పట్టీలతో బల్ల మీద పరిచి ఆరబెట్టాలి. వేలు తగిలితే రెక్క మీది పొడి వేలికే అంటుకుంటుంది. అప్పుడు చేతిలో ఉన్న పొరలాంటి రెక్కను చూసి, ఇంతసేపూ చూసిన రంగంతా ఆ పొడిదేనని తెలుస్తుంది. పుస్తకంలో పొలుసులు అని చదివినప్పుడు తెలియదు.

సూది కింద చిన్న చీటీ ఉండాలి: ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, పట్టినవారెవరు. చీటీ లేని పురుగు చెత్తతో సమానమని మా మాస్టారు అనేవారు, నా పెట్టెలో అలాంటివి పదకొండు తీసి పడేశారు కూడా. మిగిలినవాటిని నేనే పోగొట్టుకున్నాను. నాఫ్తలీన్ ఉండలు వేయకుండా దసరా సెలవులకు ఊరెళ్లి వచ్చాను. మూత తెరిస్తే సూదులున్నాయి, చీటీలున్నాయి, మధ్యలో గోధుమరంగు పొడి ఉంది. ఎండిన పురుగులను తినే పురుగులు వేరే ఉన్నాయని, వాటికీ ఒక కుటుంబం పేరుందని, పరీక్షలో అది రాస్తే మార్కులు వస్తాయని ఆ రోజే నేర్చుకున్నాను.

పురుగులను చంపకుండా ఈ చదువు చదవలేమా?

చాలా దూరం వెళ్లవచ్చు. సీతాకోకచిలుకలు, తూనీగలు చాలావరకు ఫోటోతో తేలిపోతాయి. ప్రవర్తన చూసేవాళ్లు చంపితే పనే జరగదు. కానీ చిన్న పెంకు పురుగులు, ఈగలు, పరాన్నజీవి కందిరీగలు సూక్ష్మదర్శిని కింద పెట్టనిదే తేలవు. కొన్ని జాతులకు జననాంగాలు విప్పి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఇంతవరకు పేరు పెట్టిన కీటక జాతులు పది లక్షల పైనే, వాటిలో పెంకు పురుగులే నాలుగు లక్షల వరకు ఉంటాయి. పేరు లేనివి ఇంకా ఉన్నాయి, పేరు లేనిదాన్ని ఏ చట్టమూ కాపాడదు. ఒకటి చాలిన చోట పది పట్టకూడదు, పట్టినదానికి చీటీ రాయకుండా ఉండకూడదు. నేను పెట్టుకున్న హద్దు ఇది. ఇది కూడా మనసుకు పట్టనివాళ్లు జువాలజీలో వేరే దారి చూసుకోవడం మేలు. అందులో తప్పేమీ లేదు.

ఆరుద్ర పురుగు, సాలీడు కూడా ఇందులోకి వస్తాయా?

కాళ్లు లెక్కపెట్టండి. కీటకానికి ఆరు. తొలకరి జల్లు పడ్డాక మఖమలు గుండీల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగుకు ఎనిమిది, అంటే అది నల్లుల (మంచంలో నల్లి కాదు, ఇంగ్లిషులో మైట్) జాతిది, సాలీళ్లకు చుట్టం. తిరకాసు ఏమిటంటే పిల్లదశలో దానికీ ఆరు కాళ్లే, అప్పుడు ఇతర పురుగులను అంటిపెట్టుకుని బతుకుతుంది. కచ్చితంగా చూస్తే ఇవి కీటకాలు కావు గానీ, మన విభాగాల్లో ఎంటమాలజీ వాళ్లే వీటినీ చెబుతారు.

సాలీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి గుత్తి సాలీడు గురించి. నెమలికంఠం నీలంలో మెరిసే పెద్ద సాలీడు. 1899లో దాన్ని వర్ణించినప్పుడు నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో, అందుకే ఆ పేరు. అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. బహుశా దుంగలతో పాటు రైలెక్కి వచ్చింది. నూరేళ్లు ఎవరూ చూడలేదు, 2001లో మళ్లీ దొరికింది. ఈలోగా ప్రపంచమంతా దాన్ని గాజుపెట్టెల్లో పెంచుకునే మోజు మొదలైంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వారి ఎర్ర జాబితాలో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవి. విదేశాల్లో డబ్బు పెట్టి కొనేవాళ్లున్నారు, నంద్యాల పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లు అరుదు.

తెలుగు మీడియంలో చదివాను. నెగ్గుకు రాగలనా?

బోధన ఇంగ్లిషులోనే ఉంటుంది. మొదటి ఏడాది కష్టమే, దాచడం ఎందుకు. లాటిన్ పేర్ల దగ్గర మాత్రం అందరూ సమానమే, కాన్వెంటు పిల్లలకూ అవి కొత్తే. పొలంలోకి దిగాక మీదే పైచేయి. రైతు "దోమ పడింది" అంటే అది కుట్టే దోమ కాదు, వరి కుదురులో రసం పీల్చే పురుగు. ఎర్రనల్లి మంచంలో నల్లి కాదు, పిండినల్లి రెండూ కాదు. తామర పురుగుకు తామర పువ్వుతో పని లేదు. ఈ పేర్లు నోటికి రానివాడు రైతుతో పది నిమిషాలు మాట్లాడి తప్పుడు మందు రాసిచ్చి వస్తాడు.

వ్యవసాయ ఎంటమాలజీ అంటే మందులు కొట్టించడమేనా? సంరక్షణకు అది విరుద్ధం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు గౌరవం. మందుల కంపెనీల్లో చేరేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ శాస్త్రం నేర్పేది దాదాపు తలకిందుల సంగతి.

వరిలో రసం పీల్చే సుడిదోమ తీసుకోండి. పొలం నడుమ గుండ్రంగా పైరు మాడిపోతే దోమపోటు అంటారు. భయపడిన రైతు ముందుగానే మందు కొడతాడు. మందుకు సాలీళ్లు, సుడిదోమ గుడ్లను తినే మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. వారం పది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి, తినేవాళ్లెవరూ మిగలలేదు. మందే దోమను పెంచింది. అందుకే నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు, గాలీ వెలుతురూ తగిలేలా. శనగపచ్చ పురుగు ఉన్న చేలో పక్షి స్థావరాలు పెట్టమంటారు. అంటే టీ ఆకారంలో కర్రలు పాతడం, అంతే. పసుల పోలిగాడు వాటి మీద వాలి పురుగులను ఏరుతుంది. దసరా నాడు చూస్తే మంచిదని పంజరంలో పెట్టి తిప్పే పాలపిట్ట కూడా మిడతలు, పెంకు పురుగులు తిని బతికేదే. దాన్ని పొలంలో చూసి దండం పెట్టుకుంటే ఇద్దరికీ మేలు.

ఇంకో ఉదాహరణ నాకు ఇష్టమైనది. ఏలూరు జిల్లాలో ఆయిల్ పామ్ తోటకు వెళ్లి, విచ్చుకున్న మగ పూగుత్తి దగ్గర ముక్కు పెట్టండి. సోంపు వాసన వస్తుంది. గుత్తి మీద చేత్తో తడితే నువ్వుగింజంత ముక్కు పురుగులు వందలుగా రాలతాయి. వీటి స్వస్థలం ఆఫ్రికా. అక్కడ చెట్టూ పురుగూ కలిసే పెరిగాయి. చెట్టును ఆసియాకు తెచ్చినవాళ్లు పురుగును మరిచిపోయారు. మలేసియా తోటల్లో కూలీలు ఆడ పూలకు పుప్పొడి చల్లాల్సి వచ్చేది. 1981లో అక్కడికి, 1985లో మన దేశానికి ఈ పురుగును తెచ్చి వదిలారు. అది మగ పూల మీద తిని, గుడ్లు పెట్టి, అదే వాసన వచ్చే ఆడ పూల దగ్గరికి పొరపాటున వెళ్లి పుప్పొడి దులుపుకుని వస్తుంది. కూలీ లేదు, భోజనం మాత్రం తోటదే. ఆ గుత్తి మీద మందు కొడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అడవిలోకి వెళ్లి పురుగులు పట్టడానికి అనుమతి కావాలా?

కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలోకి అధ్యయనం కోసం వెళ్లడానికి, 12వ సెక్షన్ కింద షెడ్యూళ్లలో ఉన్న జంతువుల నమూనాలు సేకరించడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. 2022 సవరణతో షెడ్యూళ్లు మారాయి, పాత పుస్తకం పట్టుకుని వాదించకండి. కొన్ని సీతాకోకచిలుకలూ ఆ జాబితాల్లో ఉన్నాయి. అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు. తొలకరిలో చేయాల్సిన పనికి సంక్రాంతి నాటికే దరఖాస్తు పెట్టండి. నల్లమలలో పని చేసేవాళ్లు చెంచు యువకులను తోడు తీసుకెళ్లడం మామూలే. కొండచరియ మీది తేనెపట్టు దగ్గరికి తాడుతో దిగే మనిషికి తేనెటీగల గురించి తెలిసినది మీ సిలబస్‌లో ఉండదు. వారి పేరు మీ సిద్ధాంత వ్యాసంలో రాయండి, కూలీ వెంటనే ఇవ్వండి.

మా అమ్మాయిని పంపవచ్చా?

పంపండి. వ్యవసాయ కళాశాలల్లో ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్నారు. అడవి పనిలో నిజమైన ఇబ్బందులు పులులు కావు. బస, మరుగుదొడ్డి, రాత్రి ప్రయాణం, ఫోను అందని చోట్లు. చేరబోయే ప్రాజెక్టులో వీటికి ఏర్పాట్లేమిటని సూటిగా అడగమనండి. జవాబు నీళ్లు నమిలితే ఆ ప్రాజెక్టు వద్దు, ఈ మాట అబ్బాయిలకూ వర్తిస్తుంది.

ఉద్యోగాలు వస్తాయా?

వ్యవసాయ డిగ్రీ ఉంటే దారులు ఎక్కువ: రాష్ట్ర సర్వీస్ కమిషన్ల ద్వారా వ్యవసాయాధికారి, పీహెచ్‌డీ తర్వాత ఐసీఏఆర్ శాస్త్రవేత్త, బ్యాంకులు, విత్తన కంపెనీలు. రాజేంద్రనగర్ చుట్టుపక్కలే వరి పరిశోధన సంస్థ, మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. వ్యవసాయం, ఫారెస్ట్రీ, జువాలజీ ఏది చదివినా యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు.

వన్యప్రాణి పరిశోధన వైపు కొలువులు తక్కువ, ఉన్నవీ చాలావరకు రెండు మూడేళ్ల ప్రాజెక్టులు. నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ప్రాజెక్టుకూ ప్రాజెక్టుకూ మధ్య ఖాళీ నెలలుంటాయి. ఇంటి మీద అప్పు ఉండి, సంపాదన మీ ఒక్కరి మీదే ఆధారపడి ఉంటే ముందు వ్యవసాయాధికారి ఉద్యోగం చూసుకోండి. మిరపలో నల్ల తామర పురుగు 2021లో వచ్చిపడినప్పుడు పూలు దులిపి చూసి ఇది పాతది కాదని గమనించడం లాంటి పని మండలంలో ఉండే అధికారికీ దొరుకుతుంది. ఆసక్తి చావకపోతే శాస్త్రం ఎక్కడున్నా సాగుతుంది.

సీటు ఇంకా రాలేదు. ఈలోగా ఏం చేయమంటారు?

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకం ఒకటి కొనండి. ఒక నోటు పుస్తకం. ప్రాణుల ఫోటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ఖాతా తెరవండి. వానలు మొదలయ్యాక, అమావాస్యకు దగ్గరి రాత్రి ఒకటి చూసుకుని డాబా మీద తెల్ల దుప్పటి కట్టి ముందు బల్బు వేలాడదీయండి. ఎనిమిది గంటలకు ఉసుళ్లు, తొమ్మిదికి చిన్న పెంకు పురుగులు, ఆ తర్వాత రెక్కల పురుగులు ఒక్కొక్కటీ వస్తాయి. వచ్చినవాటి ఫోటో తీసి గంట రాయండి. పదకొండు దాటాక దీపం ఆర్పేయండి, తెల్లవారేదాకా వెలిగిస్తే పొద్దున్నే పిచ్చుకలూ గోరింకలూ వచ్చి దుప్పటి మీదున్నవన్నీ తినిపోతాయి. దుప్పటి మాత్రం ఇంట్లో అడిగి తీసుకోండి. మరకలు పోవు.